మధ్యాహ్నం తర్వాతి రాళ్లు

అబద్ధం చెప్పడం మనిషికి వచ్చు, యంత్రానికి రాదు, అది దాని మంచితనమేమీ కాదు, చేతకానితనం అంతే, అనుకుంటున్నాడు జయచంద్ర, చేతిలోని కాగితాన్ని మడిచి మళ్లీ విప్పుతూ. పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. లంచం తీసుకున్నాడని రాసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. సర్వేయర్ అన్నాక ఆ మాట పడాల్సిందే, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వింటూనే వచ్చాడు, ఒంటిమీద దుమ్ములాగా దులుపుకున్నాడు. కానీ ఆ అర్జీలో అతని గురించి ఏమీ లేదు. ‘సర్వేయరు తెచ్చిన అద్దాల మిషన్ తప్పు చూపించినందువల్ల మా బోరు అవతలి పొలములో పడిపోయినది’ అని ఉంది. కింద వేలిముద్ర. కుళ్ళాయమ్మ, భర్త శ్రీరాములు, లేటు. ఎర్రబండపల్లి, పెనుకొండ మండలం.

“ఆ కాగితం చినిగేదాకా ఊరుకోవా?” అంది హేమావతి. ఆమె వాకిట్లో ఎండలో కూర్చుని, నానబెట్టిన అనపగింజల్ని బొటనవేలితో నొక్కి పప్పు పితుకుతోంది. ఒక్కొక్క పప్పూ చిన్న చప్పుడుతో జారి గిన్నెలో పడుతోంది.

“మిషన్ తప్పంట.”

“పాతకాలం మిషన్. తప్పు ఉండకూడదా?”

అతను కాగితం మడిచి జేబులో పెట్టాడు. చెబితే మొదట్నుంచి చెప్పాలి. ఆ యంత్రం చేతికి రాకముందు తాను గొలుసుతో కొలిచేవాడినని, గొలుసు ఎండకు సాగుతుందని, లాగే మనిషి బలాన్నిబట్టి పొలం పెరుగుతుందనీ తరుగుతుందనీ, తొంభై ఆరులో ఆ పచ్చపెట్టె వచ్చాకే మొదటిసారి రాత్రి నిద్రలో అంకెలు వెంటాడడం మానేశాయనీ చెప్పాలి. ముప్పై ఏళ్ల కాపురంలో ఇవన్నీ ఆమె విన్నవే. విని విసిగినవే.

ఫోన్ మోగింది. ఎర్రబండపల్లి గ్రామ సర్వేయర్ అనిల్. అర్జీ నకలు నిన్న తెచ్చి ఇచ్చింది అతనే.

“సార్, గురువారం పది గంటలకు పెట్టుకుంటామా? రీసర్వే అభ్యంతరాల గడువు శుక్రవారంతో సరి. మీరొచ్చి కొలత మొదలుపెట్టిన బండ చూపిచ్చి, హద్దురాయి మీరు నాటిందేనని ఒక మాట రాసిస్తే పని అయిపోతాది.”

“నీకాడ ఉపగ్రహాలతో కొలిచే రోవర్ ఉండాది గదప్పా. రెండు చోట్లా పెట్టి చూసుకుంటే పోలే?”

“రాయి కాడ బాగా పలుకుతాంది సార్. బండ కాడే తంటా. పైన చింతకొమ్మలు, వెనకాల కొండ. ఆకాశం కనపడక ఫిక్స్ రావడంల్యా. టోటల్ స్టేషన్ మిషన్ తెప్పిద్దామంటే అది మడకశిర పక్క పోయుండాది, వచ్చే వారం గానీ రాదు. అనుమానం ఏమీ లేదులే సార్. పై చేను హరికృష్ణ వాళ్లు టేపు పట్టి కొలిచినారు. బండ నుంచి రాయికి రెండువందల పన్నెండు మీటర్లు. మీ పటంలో ఎంతుండాదో సరిగ్గా అంతే.”

జయచంద్రకు ఛాతీ కొంచెం వెడల్పయినట్టనిపించింది. వెంటనే, అదే క్షణంలో, ఒక చిన్న ప్రశ్న అడ్డం పడింది. టేపును నేలమీద పరిచి కొలిచారా, ఎత్తి మట్టంగా పట్టి కొలిచారా? అడగాల్సిన ప్రశ్న. ఏ శిక్షణలోనైనా మొదటిరోజు నేర్పే ప్రశ్న. పటంలో రాసే దూరం వాలు వెంబడి నడిచే దూరం కాదు, పైన ఎగిరే పక్షికి కనిపించే దూరం. వాలు మీద టేపు పరిస్తే కొలత ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. ఎర్రబండపల్లి పొలం కొండపాదంలో ఉంది. అక్కడ టేపు పరిస్తే రెండువందల పన్నెండు కాదు, ఇంకా ఎక్కువ రావాలి.

అతను అడగలేదు. “నా మిషన్ తెస్తా,” అన్నాడు.

“అది ఇంకా పనిచేస్తాందా సార్?” గొంతులో నవ్వు దాచుకున్నాడు అనిల్.

“పనిచేస్తాదో లేదో వచ్చి చూడు.”

మంచం కింద నుంచి పెట్టె లాగాడు. ఆఫీసులో పనికిరాదని తీసేసినప్పుడు వేలంలో తానే పాడి తెచ్చుకున్నది. కోణాలు చూసే థియోడలైట్ మీద తగిలించే పచ్చటి బరువైన తలకాయ, ముందు రెండు గాజుకళ్లు. ఒక కంటి నుంచి కనిపించని వెలుతురు పోతుంది, దూరాన కర్రకు తగిలించిన ప్రిజం అద్దంలో తగిలి, రెండో కంటికి తిరిగి వస్తుంది. పోయి వచ్చిన దాన్నిబట్టి దూరం. వాలు కోణం మాత్రం దానికి తెలియదు. థియోడలైట్ పక్కనుండే చిన్న కంటిలో కోణం చదివి, మీటలు నొక్కి మనిషే చెప్పాలి. చెబితే మట్టపు దూరం తానే లెక్కకట్టి చూపిస్తుంది.

మెత్తటి గుడ్డతో గాజుకళ్లు తుడిచాడు. బ్యాటరీ ఉబ్బి, మూలల్లో తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది.

మర్నాడు పొద్దున్న ప్యాసింజర్‌లో ధర్మవరం పోయాడు. యంత్రాన్ని దుప్పటిలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు, థియోడలైట్ పెట్టెను కాళ్ల మధ్య. చంకసంచిలో ఎర్రబండపల్లి రాయి నాటిన తొంభై ఆరు నాటి కొలతల పుస్తకం. దాన్ని ఎందుకు తెచ్చాడో తనకే సరిగా తెలియదు. కాగితం రంగు మారింది గానీ పెన్సిల్ అంకెలు అలాగే ఉన్నాయి. సిరా చెమటకు కారిపోతుంది, పెన్సిల్ కారదు. అది కూడా అతను ఇతరులకు నేర్పిన పాఠమే.

వెంకటేశ్వర్లు దుకాణం మగ్గాల వీధిలో ఉంది. జకార్డ్ మగ్గాలకు అంచు డిజైన్లు ఎత్తించే ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుచేయడం అతని పని. చుట్టూ ఇళ్లలోంచి మగ్గాల దడదడ ఆగకుండా వస్తోంది. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి వెంకటేశ్వర్లు మామూలు మాట కూడా అరిచినట్టే మాట్లాడతాడు.

“ఏమప్పా సర్వేయరూ, దీన్ని యాడన్నా అద్దాల బీరువాలో పెట్టాల్సింది. నా తావకి తెస్తివే.”

“పన్నెండు వోల్టులు ఇస్తే చాలు. లేస్తాది.”

“లేస్తే నా పేరు మార్చుకుంటా.”

స్కూటర్ బ్యాటరీకి రెండు తీగలు అతికాడు. యంత్రం కీచుమంది. నల్లటి తెర మీద అంకెలు ఒక్కొక్కటిగా నిద్రలేచాయి. వెంకటేశ్వర్లు నోరు తెరిచి, తర్వాత మూసుకుని, “ఏం పేరు పెట్టుకోమంటావప్పా?” అన్నాడు.

చాలా రోజుల తర్వాత జయచంద్ర నవ్వాడు. వీధి చివర గోడకు ప్రిజం కర్ర ఆనించి వచ్చి, దుకాణం అరుగు దగ్గర ముక్కాలిపీట నిలబెట్టి, చూపు కలిపాడు. ఎనభై ఒకటి దశాంశం నాలుగు మూడు. మళ్లీ నొక్కాడు. అదే. మళ్లీ అదే. ఇరవై ఎనిమిదేళ్లు గడిచినా చెప్పిన మాటే చెబుతోంది. కళ్లలో నీళ్లు తిరిగినంత పనయింది, దుమ్ము పడిందన్నట్టు తుడుచుకున్నాడు.

“కోణం కూడా చెప్పి చూపిస్తా ఉండు,” అన్నాడు హుషారుగా. కొలతల పుస్తకం తెరిచి ఎర్రబండపల్లి పేజీ తీశాడు. కోణం 80-40. నిట్టనిలువు నుంచి ఎనభై డిగ్రీల నలభై నిమిషాలు. తొంభై అయితే చదును, ఎంత తగ్గితే అంత ఎగువ. ఆ అంకెనే ఊరికే మీటల మీద నొక్కాడు. ఎనిమిది, సున్నా, నాలుగు, సున్నా. వేళ్లు తమంతట తామే కదిలాయి. అప్పుడు కూడా ఇలాగే నొక్కాడు. ఇది అతనికి స్పష్టంగా జ్ఞాపకం. ఎండ, మీట మీద చెమట, చెమట తుడిచి మళ్లీ నొక్కడం. కోణం చెప్పకుండా కొలిచే మనిషి కాదు తాను.

అరుగు దిగబోతున్న వెంకటేశ్వర్లు కాలు తీగకు తగిలింది. తెర చీకటయింది.

“అయ్యో, ఉండప్పా, ఇప్పుడే పెడతా.” అతను వంగి తీగ మళ్లీ తగిలించాడు. “మగ్గం బోర్డులతో ఇదే గోస మాకు. అర నిమిషం కరెంటు పోతే డిజైన్ మర్చిపోతాయి. అంచులో నెమలి నేస్తా నేస్తా ఉంటే, కరెంటు వచ్చినాక బాతు వస్తాది. అందుకే నేను బోర్డుకు చిన్న సెల్లు పెడతాండా, మతి పోకుండా. మీ కాలం మిషన్లకి అది పెట్టల్యా?”

యంత్రం కీచుమంది. అంకెలు లేచాయి. జయచంద్ర కోణం మీట నొక్కి చూశాడు.

తొంభై.

ఎనభై నలభై లేదు. చదును నేల, తొంభై డిగ్రీలు. దానికి ఎవరూ ఏమీ చెప్పనట్టే.

“తీగ ఇంకోసారి తీయి,” అన్నాడు.

“ఎందుకు?”

“తీయప్పా.”

కోణం నొక్కి తీగ తీయించాడు. తగిలించాడు. తొంభై. మళ్లీ చేయించాడు. తొంభై. మూడోసారి చేయించాక వెంకటేశ్వర్లు లేచి అతని ముఖంలోకి చూశాడు. “ఏమైందప్పా? మంచినీళ్లు తాగుతావా?”

జయచంద్ర పుస్తకం వైపు చూడకుండా ఉండాలనుకున్నాడు. చూశాడు. తన చేతిరాతే, గుండ్రంగా, ఎక్కడా కొట్టివేత లేకుండా. కోణం 80-40. దాని కింద వరసలో: 12.40, బ్యాటరీ మార్చడమైనది. దాని కింద: మట్టపు దూరం 212.00, రాయి.

మూడు వరసలు. ఏ వరసలోనూ అబద్ధం లేదు. వాటి క్రమంలో ఉంది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎదురుగా ఒక ఆవిడ పట్టుచీరల మూటను బిడ్డలా ఒళ్లో పెట్టుకుని కునుకుతోంది. పుస్తకం వెనక అట్ట మీద లెక్క చేశాడు. రెండువందల పన్నెండును ఎనభై నలభైతో మట్టానికి తెస్తే రెండువందల తొమ్మిది దశాంశం ఒకటి తొమ్మిది. లెక్క తప్పయి ఉండాలని మళ్లీ చేశాడు. రెండు మీటర్ల ఎనభై ఒక సెంటీమీటర్లు తక్కువ. తొమ్మిదడుగుల పైమాట. రాయి అంత కిందికి దిగిపోయింది. రాయికి ఎగువన ఆరడుగుల్లో బోరు, తొమ్మిదడుగుల్లో అసలు హద్దు.

కోణం చెప్పలేదు కాబట్టి యంత్రం వాలు దూరాన్నే మట్టపు దూరమని చూపించింది. టేపు నేలమీద పరిచిన వాళ్లకూ అదే వచ్చింది. టేపూ, పటమూ, రాయీ ఒకే మాట మీద ఉన్నాయి. ముగ్గురు సాక్షులు.

రైలు పెనుకొండ దాటుతుంటే కొండ కిటికీలోకి వచ్చి, చాలాసేపు కదలకుండా నిలబడినట్టు ఉండిపోయింది. రాయి నాటిన రోజు, కర్ర పట్టే తన చైన్‌మన్‌కు జ్వరం. ప్రిజం కర్ర పట్టుకున్నది శ్రీరాములే. తన పొలం సరిహద్దుకు తానే కర్ర మోశాడు. బండ దగ్గర్నుంచి తాను చెయ్యి ఊపుతూ, కిందికి, ఇంకా కిందికి అంటుంటే, అతను ఒక్కో అడుగు దిగుతూ వచ్చాడు. బోరు పక్కగా దిగుతూ ఒక్కసారి ఆగాడు. చేతులు నోటికి అడ్డం పెట్టి అరిచాడు. “సార్, బోరు ఆపక్క పోతాంది.”

“మిషన్ చెప్తాంది,” అని అరిచాడు తాను.

అంతే. అతను ఇంకొక అడుగు దిగాడు. అప్పుడు రెండువందల పన్నెండు వచ్చింది. చెయ్యి పైకెత్తి ఆగమన్నాడు తాను. శ్రీరాములు మళ్లీ మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే, పోట్లాడి ఉంటే, తాను విసుక్కుంటూ ఇంకోసారి చూసేవాడేమో. ఈ ‘ఏమో’ దగ్గర జయచంద్ర చాలాసేపు ఆగిపోయాడు. పోట్లాడనందుకు చచ్చిపోయిన మనిషి మీద కోపం వస్తోందని గమనించి, తన లోపలి నుంచి తానే కాస్త జరిగి కూర్చున్నాడు.

తర్వాతిది ఇంకా నిదానంగా వచ్చింది. ఆ ఏడాది బ్యాటరీలు పాతవి. ఏ బ్యాటరీ అయినా మధ్యాహ్నం దాకానే. పన్నెండు దాటాక మార్చడం, అన్నం మూట విప్పినంత మామూలు. కోణం ముందే నొక్కి, బ్యాటరీ మార్చి, కొలిచిన మధ్యాహ్నాలు ఎన్ని? చదును నేలల్లో ఫర్వాలేదు. అప్పట్లో కొలిచిన గుడిబండలో చదును ఎక్కడిది? రొళ్లలో బండల మధ్య పొలాలు. కనగానపల్లి మిట్టలు. పొద్దున నాటిన రాళ్లు సరైనవే. మధ్యాహ్నం తర్వాత నాటిన రాళ్లు? ఒక్క రాయి తప్పని ఒప్పుకుంటే ఆ రాళ్లన్నీ ఒకేసారి కదులుతాయి. ఆ గట్ల మీద తిట్టుకున్న వాళ్లు, గొడ్డళ్లు తీసుకున్న వాళ్లు, కోర్టు మెట్ల మీద ముసలివాళ్లయిన వాళ్లు. వాళ్లందరికీ తాను ‘మిషన్ చెప్తాంది’ అనే చెప్పాడు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. హేమావతి తలుపు తీసి పెట్టె వైపు చూసింది.

“బతికిందా?”

“బతికింది.”

“మరి నువ్వేం సచ్చినట్టుండావు?”

అతను చెప్పులు విప్పి పక్కపక్కన పెట్టాడు. “కడుపులో బాగలేదని రేపు పోకుంటే?” అన్నాడు.

హేమావతి పితికిన పప్పు కూర వడ్డిస్తూ అతని కంచం వైపే చూసింది. “పోకుంటే పోవద్దు. మిషన్ అబద్ధం చెప్పదు, అబద్ధం చెప్పదు అని ఇన్నేండ్లు నా చెవులు తిన్నావు. రేపొక్కరోజు కడుపునొప్పి పెట్టుకుని ఈడ పండుకుంటే నాకేమి? నా చెవులకు హాయి.”

అతను తినకుండా మెతుకులు వేరు చేస్తూ కూర్చున్నాడు. పుస్తకం ఒక్కటే ఉంది. దానికి నకలు లేదు. ఆఫీసుకు పోయింది పటం మాత్రమే, దాంట్లో బ్యాటరీ మాట లేదు. ఈ ఆలోచన తనదేనా అని ఆశ్చర్యపోయాడు. తనదే.

గురువారం పొద్దున పెనుకొండ స్టేషన్ బయట హరికృష్ణ కారు సిద్ధంగా ఉంది. తానే దిగి వచ్చి పెట్టె అందుకున్నాడు. నలభై అయిదేళ్ల మనిషి, తెల్ల చొక్కా, మెత్తటి మాట.

“మా నాయన మీ పేరు చెప్పేవాడు సార్. ఆ రాయి చుట్టూ పిచ్చిమొక్క మొలవనిచ్చేవాడు కాదు. గవర్నమెంటు నాటిన రాయిరా, దాని జోలికి ఎవరు పోకూడదు అనేవాడు.”

అతను నటించడం లేదు. అదే కష్టంగా ఉంది. దొంగ అయితే జయచంద్రకు పని సులువయ్యేది. వాళ్ల నాయన ఒక్క అడుగు కూడా జరపలేదు. రాయి ఎక్కడ పెట్టారో అక్కడే నమ్మాడు.

“బోరు మాదే అయినా ఆ యమ్మకు నీళ్లు ఇస్తానే ఉండాం సార్, పొద్దున ఒక గంట. ఇప్పుడు ఆ చేను సోలార్ కంపెనీ వాళ్లకు ఇస్తాండాం. వాళ్లు కంచె వేస్తారు. కంచె పడినాక లోపలికి ఎవర్నీ రానీరు గదా. నేనేమి చేసేది చెప్పండి?”

“ఆమెకు వేరే నీళ్లు?”

“ల్యా సార్. వాన పడితే తడి.”

ఎర్రబండపల్లి చేను కొండపాదం నుంచి ఏటవాలుగా పైకి పోతుంది. కింద మల్బరీ తోట, ఇంకా పచ్చగానే ఉంది. కుళ్ళాయమ్మ వంగి ఆకు కోస్తోంది. అరవై దాటిన, సన్నటి, నల్లటి మనిషి. కారు చప్పుడుకు లేవలేదు. చేతిలోని కొమ్మ దూసి, ఆకు గోనెలో వేసి, అప్పుడు వచ్చింది.

“నువ్వేనా ఆ రాయి నాటిండేది? ముసలోడివైపోయినావు గదప్పా.”

“అయినాను.”

“మిషన్ తప్పని నేను చెప్పల్యా. అర్జీ రాసినోడు రాసినాడు. నేను చెప్పింది ఒకటే. బోరుకు పైన కలబంద వరస ఉండె, అది మా గట్టు. నువ్వు వచ్చిపోయినాక వాళ్లు దాన్ని పెరికేసినారు. రాయి కిందుండాది గదా, గట్టు పైనెట్లుంటాది అన్నారు.” ఆమె గొంతులో కోపం లేదు. ఆకు వేళ మించిపోతుందన్న తొందర ఉంది. “పట్టుపురుగులు నాలుగోసారి పొర ఇడిచి జ్వరం లేచినాయి. ఇప్పుడు కడుపునిండా ఆకు పడకపోతే గూడు కట్టవు. బిన్న బిన్న కానీ.”

చింతచెట్ల కింద బండ మీద జయచంద్ర ఆనాడు చెక్కిన గాటు ఇంకా ఉంది. మట్టి గోకి చూపించాడు. అనిల్ రోవర్ కర్రను ఆ గాటు మీద నిలబెట్టి, పైకి చూసి, పెదవి విరిచాడు. “చూడండి సార్. రావడంల్యా.”

“తీసేయి. నాది పెడతా.”

గాటు మీదికి ముక్కాలిపీట సరిపెట్టడం, మట్టం బుడగను నడిమికి తేవడం, పచ్చ తలకాయను పైన తగిలించడం. చేతులకు ఏదీ మరపు రాలేదు. చేతుల మీద అసూయ కలిగింది. వెంకటేశ్వర్లు దగ్గర్నుంచి తెచ్చిన బ్యాటరీకి తీగ తగిలించాడు. యంత్రం కీచుమంది. హరికృష్ణ వెంట వచ్చిన ఇద్దరు, ‘అద్దాల మిషన్’ అని గుసగుసలాడుకున్నారు. రాయి దగ్గర కర్ర ఎవరు పట్టుకోవాలన్న మాట వస్తే, కుళ్ళాయమ్మ గోనె దించి, “ఇట్లా తే,” అని తీసుకుని ఎగువకు నడిచింది.

దుర్భిణిలో ఆమె ముఖం ఒక్కసారిగా దగ్గరికి వచ్చింది. నిలువు గీత ఆమె నుదుటి మీదుగా, ప్రిజం మీదుగా దిగింది. కర్ర కదలకుండా రెండు చేతులా పట్టుకుంది. రాయికి ఇటుపక్కే నిలబడింది. అటు అడుగు పెట్టలేదు.

కోణం ఇప్పుడే చెప్పాలి. చెప్పలేదు. ముందు చూద్దాం, అనుకున్నాడు. ముందు ఏమిటో, చూడడం ఏమిటో తేల్చుకోకుండానే వేలు కొలత మీట నొక్కింది.

నాలుగు సెకన్లు. 212.00.

“వచ్చేసింది,” అన్నాడు అనిల్, భుజం మీదుగా వంగి. “మట్టపు దూరమని గుర్తు కూడా ఉండాది చూడండన్నా. రెండువందల పన్నెండు, సున్నా సున్నా. ఇన్నేండ్లయినా ఒక్క సెంటీమీటరు తేడా ల్యా.” అతని గొంతులో నిజమైన గౌరవం ఉంది. ఇప్పటి యంత్రాలు వాలును తామే కనిపెడతాయి. కోణం మనిషి చెప్పాలని అతనికి ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సిన అవసరం రాలేదు.

హరికృష్ణ గట్టిగా ఊపిరి వదిలాడు. “అదీ సార్. ఇంక ఆ యమ్మకు కూడా మనసులో ఏమీ ఉండదు.”

అనిల్ పంచనామా కాగితం మీద అంకె వేసి, అట్ట మీద పెట్టి, పెన్నుతో సహా చాచాడు. “సంతకం సార్, ఈడ.”

జయచంద్ర పెన్ను అందుకున్నాడు. ఎంత తేలిక. తాను ఒక్క అబద్ధం మాట్లాడక్కర్లేదు. అడిగిన వాళ్లు లేరు. తెరమీద అంకె ఉంది, కాగితం మీద అదే అంకె ఉంది, రాయి అక్కడే ఉంది. గుడిబండ, రొళ్ల, కనగానపల్లి, అన్నీ ఉన్నచోటే ఉంటాయి. యంత్రం పేరు నిలుస్తుంది. రేపు రోవర్ ఈ రాయిని ఆకాశం నుంచి సెంటీమీటర్ తేడా లేకుండా పట్టుకుంటుంది, ఆ తర్వాత దాన్ని దేవుడు కూడా జరపలేడు. తొమ్మిదడుగుల తప్పును ఒక్క సెంటీమీటర్ తప్పకుండా కొలుస్తారు.

పెన్ను కొన కాగితానికి తగిలింది. చిన్న నీలపు చుక్క.

అలవాటుగా, సంతకానికి ముందు చూపు సరిగా ఉందో లేదోనని దుర్భిణిలోకి వంగాడు. కింద నుంచి ఎవరూ దించమనలేదు కాబట్టి కుళ్ళాయమ్మ కర్రను ఇంకా నిటారుగా పట్టుకునే ఉంది. ఎండ నేరుగా కళ్లలో పడుతోంది. కళ్లు చిట్లించి కిందికే, ఇటే చూస్తోంది. అతని చెయ్యి ఎటు ఊగుతుందోనని చూస్తోంది. ఊపితే ఇంకో అడుగు దిగుతుంది. ఏమీ అడగకుండా దిగుతుంది.

అతను తల ఎత్తాడు. పెన్నును అట్ట మీద పెట్టాడు.

“అనిల్, ఇట్లా రాప్పా. ఈ చిన్న కంటిలో చూడు. ఏమి అంకె ఉండాదో చదువు.”

“ఎందుకు సార్? అయిపోయింది గదా.”

“చదువు.”

అనిల్ ఒక కన్ను మూసి వంగాడు. చాలాసేపు వెతుక్కున్నాడు. “ఎనభై డిగ్రీలు… నలభై. నలభై నిమిషాలు సార్.”

“గట్టిగా చెప్పు.”

“ఎనభై, నలభై.”

“ఏమి సార్ అది?” అన్నాడు హరికృష్ణ దగ్గరికి వస్తూ. గొంతు ఇంకా మెత్తగానే ఉంది, కానీ నడక కొంచెం తొందరయింది. “మళ్లీ ఏమన్నా చూడాల్నా?”

జయచంద్ర చెమట పట్టిన వేలిని చొక్కాకు తుడుచుకుని, అందరికీ కనిపించేలా కాస్త పక్కకు జరిగి నిలబడి, కోణం మీట నొక్కాడు. తెర ఖాళీ అయి, అతను చెప్పేదాని కోసం ఆగింది. ఎనిమిది. సున్నా. నాలుగు. వేలు ఒక్క క్షణం గాలిలో నిలిచి, సున్నా మీదికి దిగింది.